పూజ అయిపోగానే బండి తీయకండి: ఊరొదిలి వచ్చిన కథోలికులు గుడిని మళ్లీ ఎలా పట్టుకోవాలి

హైదరాబాద్ వచ్చిన మొదటి మూడేళ్లు నేను ప్రతి ఆదివారం పూజకు వెళ్లాను, ఒక్క మనిషికీ తెలియకుండా. మొదటి పఠనం సగంలో ఉండగా లోపలికి, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే ఆశీర్వదించిన అప్పం) తీసుకుని అటునుంచి అటే బయటికి. లోపల చివరి పాట అందుకునేసరికి నేను బండి స్టాండు తీస్తూ ఉండేవాణ్ని. రూముకొచ్చి బిర్యానీ ఆర్డరు పెట్టడం, ఫోను చూస్తూ నిద్రపోవడం, నాలుగింటికి లేచి రేపటి ఆఫీసు తలుచుకుని టెన్షన్ పడటం. పైగా "మానకుండా గుడికి వెళ్తున్నాను కదా, మనసుకు ఏమీ తగలట్లేదేంటి" అని దేవుడి మీదే నిష్ఠూరం.

ఊళ్లో ఇలా ఉండేది కాదు. మాది పల్నాటి వైపు, ఫిరంగిపురం బాలయేసు గుడి పేరు చెబితే అందరూ గుర్తుపట్టే ప్రాంతం. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి త్రికాల జపం గంట కొట్టేవారు. పన్నెండు గంట వినబడగానే అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడి జపం చెప్పేసి, మళ్లీ కూర కలిపేది. ఈ రోజు జపమాల ఎవరింట్లోనో ఉపదేశి గారు (గుడి పనుల్లో ఫాదర్ గారికి సాయంగా ఉండేవారు) వీధిలో నడుస్తూనే కేకేసి చెప్పేవారు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, అక్కడ భక్తిగా ఉండటానికి నేను పడ్డ కష్టమేమీ లేదు, ఊరే నడిపించింది. సిటీలో ఆ గంట లేదు, ఆ ఉపదేశి గారు లేరు, ఆ వీధి లేదు. వాటి పని మనమే చేసుకోవాలి. ఎలాగో నాకు తెలిసినంత చెప్తాను, ఇందులో సగానికి పైగా నేను తప్పు చేసి నేర్చుకున్నవే. మీరు కథోలికులు కాకపోయినా, ఎప్పుడైనా గుళ్లో కాసేపు ఊరికే కూర్చోవాలనిపించే మనిషైతే మీకూ చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక గుర్తు పెట్టుకోండి

ప్రశాంతత కావాలి, ఆశ కావాలి అనుకుని బయల్దేరితే అవి వచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది? నేను పెట్టుకున్న గుర్తు చాలా చిన్నది: రెండు ఆదివారాలు నేను గుళ్లో కనబడకపోతే "ఏమైంది" అని అడిగే మనిషి ఒకరుండాలి. మనసుకు ఏదో అనిపించడాన్ని మాత్రం గుర్తుగా పెట్టుకోకండి. మదర్ తెరెసా గారు దాదాపు 50 ఏళ్లు ప్రార్థనలో ఏమీ అనిపించకుండా, చీకట్లో ఉన్నట్టే గడిపారని ఆవిడ పోయిన పదేళ్లకు, 2007లో బయటికొచ్చిన ఉత్తరాల వల్ల లోకానికి తెలిసింది. ఆవిడకే అన్నేళ్లు అనిపించనిది మనకు మూడో వారానికల్లా అనిపించేయాలా? ఆవిడ పొద్దున్నే లేచి గుళ్లో కూర్చోవడం మాత్రం మానలేదు. ఒక వేళ, ఒక చోటు, కొంతమంది మనుషులు, ఈ మూడూ కుదుర్చుకోవడం మన పని. అనిపించడం, అనిపించకపోవడం మన చేతిలో లేదు.

1. మీ విచారణ ఏదో కనుక్కోండి

మీరు అద్దెకున్న ఇల్లు ఏదో ఒక విచారణ (ఒక గుడి, దాని కిందికి వచ్చే ప్రాంతం) పరిధిలోకి వస్తుంది, అంటే మీరు ఇంతవరకు చూడని ఒక ఫాదర్ గారు ఇప్పటికే మీకు విచారణకర్త. మనం మాత్రం పెద్ద గుళ్ల వైపే పోతాం. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్ కెథడ్రల్, సికింద్రాబాద్‌లో 2008లో బసిలికా అయిన సెయింట్ మేరీస్, రెండూ కళ్లకు నిండుగా ఉంటాయి, పండగలకు నేనూ వెళ్తాను. కానీ రోజూ పట్టుకోవాల్సింది ఇంటికి దగ్గరున్న గుడిని, అది రేకుల షెడ్డే అయినా సరే. బండి మీద 15 నిమిషాలు దాటితే వారం మధ్యలో వెళ్లరు, నా మాట నమ్మండి.

వెళ్లాక ఒక పని తప్పకుండా చేయండి, మనలో చాలామంది చేయరు. ఏదైనా ఆదివారం పూజ తర్వాత విచారణ ఆఫీసులోకి వెళ్లి కుటుంబాల రిజిస్టరులో పేరు రాయించుకోండి. ఒంటరిగా రూములో ఉంటున్నా ఫర్వాలేదు, "కుటుంబం అంటే నేనొక్కడినే ఫాదర్" అనండి. సొంత ఊరి విచారణ పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తులు చెప్పండి. జ్ఞానస్నాన పత్రం కాపీ ఉంటే ఇవ్వండి. పేరు రాయించని వాళ్లు పెళ్లి కుదిరినప్పుడో, పిల్లకు జ్ఞానస్నానం ఇప్పించాలన్నప్పుడో పరిగెత్తుకొచ్చి "మీరెవరో మాకు తెలియదు" అనిపించుకుని బాధపడతారు. ఆ బాధలో న్యాయం లేకపోలేదు కానీ మన తప్పు కూడా ఉంది.

బయట రాష్ట్రాల్లో ఉంటే తెలుగు పూజ ఏ గుళ్లో, నెలలో ఏ వారం ఉందో అక్కడి తెలుగువాళ్లను అడగండి. కువైట్, ఖతార్ లాంటిచోట్ల సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజ శుక్రవారమే పెట్టుకుంటారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లకు ఆ శుక్రవారం గంటన్నరే వారం మొత్తానికీ తెలుగు మాట్లాడే సమయమని మా బంధువుల్లో ఒకావిడ చెప్పింది. అలాంటి వాళ్ల ముందు "మాకు టైం కుదరట్లేదు" అనడానికి నాకు సిగ్గేసింది.

2. ఆదివారం: ముందు పావుగంట, తర్వాత పది నిమిషాలు

శనివారం రాత్రి మరుసటి రోజు సువార్త ఒకసారి చదివి పడుకోండి. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి, ఒక ఏడు మత్తయి, తర్వాతి ఏడు మార్కు, ఆపైన లూకా, మధ్యమధ్యలో యోహాను. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ రోజు మీరు వినే సువార్తే ఊళ్లో మీ అమ్మ కూడా వింటుంది, కువైట్‌లో మీ పిన్ని కూడా వింటుంది. ఆదివారం మధ్యాహ్నం అమ్మకు ఫోను చేసి "ఏం తిన్నావు" తర్వాత "ఇవాళ అక్కడ ఫాదర్ గారు ఏం చెప్పారు" అని అడగండి. మా అమ్మ మొదట్లో "ఏముందిలేరా, ఎప్పుడూ చెప్పేదే" అనేది. ఇప్పుడు నేను అడగకముందే మొదలుపెడుతుంది, ప్రసంగంతో ఆగదు, ఎవరు కొత్త చీర కట్టుకొచ్చారో కూడా చెప్తుంది.

పూజకు పావుగంట ముందు చేరండి. ప్రతి వారం ఒకే చోట కూర్చోండి, ఇది చాలా ముఖ్యం. మనుషులు పేర్ల కంటే ముందు చోట్లు గుర్తుపెట్టుకుంటారు. మాది ఎడమ వైపు నాలుగో బెంచీ, ఫ్యాను కింద. ఫోను సైలెంటులో పెట్టడం కాదు, బండి డిక్కీలో పెట్టి రండి.

ప్రసంగం బాగోకపోతే? బాగోదు ఒక్కోసారి. అరగంట సాగుతుంది, మధ్యలో గుడి రంగులకు చందా సంగతి కూడా వస్తుంది. నేను చేసే పని, రాత్రి చదివిన సువార్తలోంచి ఒక్క వాక్యం పట్టుకుని ఆ అరగంటా దానితోనే ఉండటం. ఫాదర్ గారిని విమర్శించుకుంటూ కూర్చుంటే నష్టం మనకే, ఆయనకు ఏమీ కాదు.

సత్ప్రసాదానికి ముందు గంటసేపు నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదన్నది తెలిసిందే. మీరు కథోలికులు కాకపోతేనో, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి చాలా ఏళ్లయి మనసులో పెద్ద బరువేదో ఉంటేనో వరుసలో వెళ్లకుండా బెంచీలోనే కూర్చోండి. ఎవరో చూస్తారని భయపడకండి. నిజంగా ఎవరూ చూడరు, చూసినా ఏమీ కాదు.

ఇక అసలు పని పూజ అయ్యాక. బండి తీయకండి. మరియమాత గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించేవాళ్లుంటారు, కనకాంబరాల మాల వేసేవాళ్లుంటారు, చెప్పులు వెతుక్కునేవాళ్లుంటారు. అక్కడ పది నిమిషాలు నిలబడండి. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, ఫోను ఎలాగూ డిక్కీలో ఉంది. వారానికి ఒక్కరిని పలకరించండి, "ఏ ఊరండీ మీది" చాలు. మన తెలుగువాళ్లకు ఆ ఒక్క ప్రశ్న చాలు, మూడో మాటకల్లా ఏదో ఒక బంధుత్వం తేలుతుంది. నాకు రెండో వారమే మా మేనత్త వాళ్ల ఊరాయన దొరికాడు.

3. వారం మధ్యలో పావుగంట మౌనం

ఆదివారం గుడికీ మంగళవారం గుడికీ చాలా తేడా ఉంది. మైకు లేదు, కీబోర్డు లేదు, మూడు వందల మంది లేరు. వెనక బెంచీలో ఒక ముసలాయన, ముందు ఒక సిస్టర్ గారు, పైన కిర్రుకిర్రుమంటూ ఒకే ఫ్యాను, దివ్యమందసం (సత్ప్రసాదం ఉంచే పెట్టె) పక్కన ఎర్రటి నిత్యదీపం. ఆ దీపం వెలుగుతోందంటే సత్ప్రసాదంలో ప్రభువు అక్కడున్నాడని మనం నమ్ముతాం. ఆ నమ్మకం పూర్తిగా కుదరకపోయినా కూర్చోవచ్చు, తలుపు దగ్గర ఎవరూ పరీక్ష పెట్టరు.

ఎలా కూర్చోవాలంటే, మొదటి ఐదు నిమిషాలు మనసు నోరు మూయదు. ఈఎంఐ, మేనేజరు పెట్టిన మెసేజీ, గ్యాస్ బుక్ చేశానా లేదా, చిన్నప్పుడు ఎవరో అన్న మాట. వాటితో పోట్లాడకండి. నేను జేబులో ఒక చిన్న కాగితం పెట్టుకుంటాను, బుర్రలోకి వచ్చినవి ఒక్కో ముక్కలో రాసి మడిచి పక్కన పెట్టేస్తాను. గ్యాస్. అద్దె. తమ్ముడు. ఆ తర్వాత సువార్తలో ఒక పేరా చదవండి, నాలుగైదు వాక్యాలు చాలు, మెల్లగా, రెండుసార్లు. ఏ మాట దగ్గర ఆగాలనిపిస్తే అక్కడ ఆగి, దాని గురించి యేసుతో మాట్లాడండి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే. మాటలు అయిపోతే ఊరికే కూర్చోండి. మఠాల్లో వందల ఏళ్లుగా చేస్తున్నది ఇదే, చదవడం, నెమరేయడం, ప్రార్థించడం, ఊరుకోవడం. చివర్లో కాగితం విప్పి చూసుకోండి. రాసినవాటిలో ఏదీ మాయమై ఉండదు. కానీ గ్యాస్ అన్నది గ్యాసంతే ఉంటుంది, కొండంత ఉండదు.

సిటీలో చాలా గుళ్లకు మధ్యాహ్నం తాళం వేసి ఉంటుంది. వాచ్‌మన్‌ను మంచిమాటగా అడగండి, కుదరకపోతే గుహ ముందు గట్టు మీద కూర్చోండి. చాలా విచారణల్లో నెలలో మొదటి శుక్రవారం తిరుహృదయ పూజతో పాటు దివ్యసత్ప్రసాద ఆరాధన ఉంటుంది, ఒంటరిగా కూర్చోవడం భయమనిపించేవాళ్లు దానితో మొదలుపెట్టడం తేలిక.

అసలు గుడికే వెళ్లలేని రోజు రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఇలా చేయండి. ఇది పునీత (సెయింట్) ఇగ్నేషియస్ వారు 500 ఏళ్ల కిందట నేర్పిన పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది నాకు దొరకలేదు. ఈ రోజు దొరికిన మంచికి థ్యాంక్స్ చెప్పండి, అది సరిగ్గా మరిగిన టీ అయినా సరే. రోజును ఉన్నదున్నట్టు చూసే వెలుగు ఇమ్మని అడగండి. పొద్దున్నుంచి జరిగినవి గంట గంటగా గుర్తు చేసుకోండి, ఎక్కడ మనసు విచ్చుకుంది, ఎక్కడ ముడుచుకుంది. తప్పు చేసినచోట క్షమాపణ అడగండి. రేపు కష్టమయ్యే ఒక్క విషయాన్ని ముందే ఆయన చేతిలో పెట్టండి. మూడో దాని దగ్గర నిద్ర పట్టేస్తే పట్టనివ్వండి.

ఫోను గురించి లెక్చరు ఇవ్వను, నా స్క్రీన్ టైం చూస్తే మీరే నవ్వుతారు. ఒక్కటి మాత్రం చెప్తాను. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించిన కార్లో అకూటిస్, 2006లో 15 ఏళ్లకే లుకేమియాతో పోయిన కుర్రాడు, కంప్యూటర్లంటే ప్రాణం పెట్టేవాడు. ఆ పిల్లవాడే వీడియో గేములు వారానికి గంట మించి ఆడకూడదని నియమం పెట్టుకున్నాడంటారు. మానేయలేదు, కొలత పెట్టుకున్నాడు. మనకు చేతనయ్యేది కూడా అదే.

4. ప్రయాణంలో జపమాల

నాగోలు నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్లేవాళ్లకు జపమాల చక్కగా సరిపోతుంది. దాదాపు రెండు స్టేషన్లకు ఒక పదిపూసలు, ఐదు పదులూ అయ్యేసరికి అమీర్‌పేట దగ్గర పడుతుంది. పూసలు బయటికి తీయడం మొహమాటమైతే దేవుడు పది వేళ్లు ఇచ్చాడు. ఒక్కో పదికి యేసు, మరియమ్మల జీవితంలో ఒక్కో ఘట్టం తలుచుకుంటాం, వాటినే దేవరహస్యాలంటాం. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు దేవరహస్యాలు. ఈ వెలుగు రహస్యాలు రెండో జాన్ పాల్ పాపుగారు (పోప్) 2002లో చేర్చినవి, అందుకే మీ నాయనమ్మకు వచ్చిన జపమాలలో అవి ఉండవు. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని యాభై మూడుసార్లు అంటుంటే మనసు ఎటో పోతుంది. పోనివ్వండి, వేళ్లు మాత్రం ఆగకూడదు.

ఇంకో చిన్న పని, ఫోనులో మధ్యాహ్నం పన్నెండింటికి అలారం పెట్టుకోండి, త్రికాల జపానికి. నిమిషంన్నర పని. మా ఆఫీసులో ఆ అలారం మోగితే పక్క సీటాయన "మీ అమ్మ కూర కలిపే టైమా" అంటాడు, ఆయనకు ఒకసారి చెప్పాను లెండి.

5. పాపసంకీర్తనం: ఏళ్ల తర్వాత వెళ్తుంటే

దీన్నే అందరం వాయిదా వేస్తాం. నేను ఎనిమిదేళ్లు వేశాను. భయం ఎక్కడంటే, ఏం చెప్పాలో తెలియదు, ఫాదర్ గారు తిడతారేమో, ఆదివారం మళ్లీ ఆయన ముఖం ఎలా చూడాలి. చేయాల్సింది ఇది. ఆదివారం పూజకు ముందు హడావిడిలో కాకుండా, ఒక పనిరోజు సాయంత్రానికి ముందే ఫోను చేసి టైం అడగండి. తెలిసిన ఫాదర్ గారంటే ఇబ్బందిగా ఉంటే వేరే విచారణకు వెళ్లండి, అది తప్పు కాదు. వెళ్లగానే "ఫాదర్, ఇన్నేళ్లయింది, ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయాను" అనేయండి. మిగతాది ఆయనే నడిపిస్తారు. కథలు వద్దు, అవతలివాళ్ల తప్పులు అసలే వద్దు, మీవి మాత్రం, సూటిగా. ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పేది) రాకపోతే కాగితం మీద రాసుకెళ్లి చదవండి. అక్కడ చెప్పింది ఆ గురువు ఎవరికీ, ఎప్పుడూ, ప్రాణం పోయినా చెప్పకూడదు, చెబితే ఆయన శ్రీసభకే (కథోలిక సంఘానికే) వెలి అవుతారు.

నాకు ఏమైందంటే, ఇరవై నిమిషాలు ప్రాక్టీసు చేసుకుని వెళ్లినవాణ్ని నాలుగు నిమిషాల్లో బయటికొచ్చాను. ఆయన తిట్టలేదు. ప్రాయశ్చిత్తంగా అమ్మానాన్నలకు ఫోను చేయమన్నారు.

6. ఒక్క పనిలో చేయి పెట్టండి

విచారణ వాట్సాప్ గ్రూపులో చేరడం సమాజంలో చేరడం కాదు. గుడ్ మార్నింగ్ ఫొటోలు వస్తాయి, అంతే. చేతులతో చేసే ఒక పని తీసుకోండి, ఒక్కటే.

మీ వాడలో కుటుంబ ప్రార్థన కూటం ఉందేమో అడగండి, వారానికో నెలకో ఒక ఇంట్లో పదిహేను మంది చేరి సువార్త చదివి, జపమాల చెప్పి, టీ తాగి వెళ్తారు. టీ దగ్గరే అసలు మాటలు వస్తాయి, ఎవరి కొడుక్కి ఉద్యోగం పోయింది, ఎవరికి షుగరు పెరిగింది. పాట వచ్చినవాళ్లు గాయక బృందంలో చేరండి. పాట రాని నాలాంటివాళ్లకు విన్సెంట్ డి పాల్ సంఘం ఉంది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి స్నేహితులతో కలిసి మొదలుపెట్టింది, ఇప్పటికీ పద్ధతి అదే, పేదల ఇళ్లకు ఇద్దరేసి స్వయంగా వెళ్లడం. మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) వాళ్లు కూడా జంటలుగానే రోగుల్ని చూడ్డానికి వెళ్తారు, అది 1921లో డబ్లిన్‌లో పుట్టింది. ఇద్దరేసి వెళ్లడంలో ఒక కిటుకుంది, మీరు ఎగ్గొడదామనుకున్న రోజు మీ జంట మనిషి గుమ్మం ముందు హారన్ కొడతాడు.

మొదటిసారి నన్ను తీసుకెళ్లిన ఇంట్లో ఒక తాతగారు, కాలు విరిగి ఆర్నెల్లుగా మంచంలో. బియ్యం సంచి తీసుకెళ్లాం. ఆయన సంచి వైపు చూడలేదు, "కూర్చో, చెస్ వచ్చా" అన్నాడు. మూడు ఆటలు ఓడిపోయాను. బియ్యం ఎవరైనా ఇస్తారు, ఓడిపోవడానికి మనిషి కావాలి కదా ఆయనకు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. మన గుళ్లలో కులం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎవరు ముందు బెంచీలో కూర్చుంటారు, కమిటీలో ఎవరుంటారు, కొన్ని ఊళ్లలో సమాధులు ఎక్కడ తవ్వుతారు, అన్నిట్లో ఉంది. ఆ చేదుతోనే గుడి వదిలేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్లను తప్పు పట్టలేను. అదే శ్రీసభలో 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల అంతోని గారు, దళిత కుటుంబంలో పుట్టినవారు, తెలుగువాళ్లలో మొట్టమొదటి కార్డినల్ అయ్యారు. 2025 మేలో పాపుగారిని ఎన్నుకున్నవాళ్లలో ఆయన ఒకరు. దానితో మీ విచారణలో ముందు బెంచీ ఖాళీ అవుతుందని అనను. మీరు కూటం పెట్టుకునేటప్పుడు ఎవరింట్లో టీ తాగుతున్నారో, ఎవరింట్లో "వద్దులెండి, ఇప్పుడే తాగాం" అంటున్నారో మాత్రం గమనించుకోండి.

7. ఆశ అస్సలు కనబడని రోజుల్లో

ఏలియా ప్రవక్త కథ మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది, ఒకసారి చదవండి. అంత పెద్ద ప్రవక్త ఎడారిలో చెట్టు కింద పడుకుని "ఇక చాలు ప్రభూ, నన్ను తీసుకుపో" అంటాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చెప్పలేదు. దేవదూతతో రొట్టె, నీళ్లు పంపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. కాబట్టి వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆ తర్వాత జపమాల తీయండి. "విశ్వాసం తక్కువై ఇలా అయింది" అనేవాళ్ల దగ్గర మాత్రం కూర్చోకండి.

ఇంట్లో పెద్ద జబ్బు వస్తే ఫాదర్ గారిని ముందే పిలవండి. మనవాళ్లు అవస్థ అభ్యంగనం (జబ్బుపడినవాళ్లకు నూనె రాసి చేసే ప్రార్థన) అనగానే భయపడతారు, "ఫాదర్ వస్తే నాన్న తనకు అయిపోయిందనుకుంటాడు" అని. మేమూ అలాగే అనుకుని మా నాన్న గుండె ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి వరకు ఆగాం. అది చనిపోయేవాళ్లకు మాత్రమే కాదు, పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు, ముసలితనంతో బలహీనపడినవాళ్లకు కూడా ఇస్తారు. ఆ రాత్రి ఫాదర్ గారు వార్డులోకొచ్చి నుదుటి మీద, అరచేతుల్లో నూనె రాసి, ఒక పావుగంట పత్తి రేటు గురించి మాట్లాడి వెళ్లారు. నాన్న ఆ రాత్రి నిద్రపోయాడు. మేమే మేలుకుని ఉన్నాం.

నడవగలిగిన రోజు విజయవాడ గుణదల వెళ్లండి. 1924లో ఆర్లాతి అనే ఇటలీ ఫాదర్ గారు ఆ కొండ మీద లూర్దుమాత స్వరూపం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తారీకుల్లో తిరనాళ్లకు లక్షల్లో జనం వస్తారు, తలనీలాలు, కొబ్బరికాయలు, అన్ని మతాలవాళ్లూ. ఆ జనంలో ఒక ఆనందం ఉంది కానీ మీకు కావాల్సింది నిశ్శబ్దమైతే ఏదో ఒక మామూలు వారం, ఎండ ఎక్కకముందు మెట్లెక్కండి. నీళ్ల సీసా మర్చిపోకండి.

ఫ్రాన్సిస్ పాపుగారు 2025 జూబిలీ (కథోలికుల పవిత్ర సంవత్సరం) ఏడాదికి ఆశనే అంశంగా పెట్టారు. ఏప్రిల్ 21న ఆయనే పోయారు. జూబిలీ ఆగలేదు, మే 8న ఎన్నికైన లియో పాపుగారు దాన్ని నడిపించి 2026 జనవరి 6న ముగించారు. మొదలుపెట్టినవాడు లేకపోయినా పని నడవడం మన ఇళ్లలోనూ చూస్తాం. నవంబరు 2న సమాధుల దగ్గరకు వెళ్లినప్పుడు తాతయ్య సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేది ఇప్పుడు నేనే. ఆయన పక్కన నిలబడి అగ్గిపెట్టె పట్టుకున్న రోజులు గుర్తున్నాయి.

ఎన్నాళ్లు పడుతుంది

నాకు ఏడు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను. తర్వాత ఒకసారి వైరల్ జ్వరం వచ్చి రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో వారం నీరసంగానే వెళ్లి, పూజ అయ్యాక అలవాటుగా గుహ దగ్గర నిలబడ్డాను. కొవ్వొత్తులు అమ్మే పెద్దావిడ, అప్పటివరకు నాతో చిల్లర లెక్క తప్ప ఒక్క మాట మాట్లాడనావిడ, తల ఎత్తి చూసి "ఏం బాబూ, రెండు వారాలుగా లేవు, ఊరెళ్లావా?" అంది. జ్వరమని చెప్పాను. "అదే అనుకున్నా, ఫ్యాను కింద సీటు ఖాళీగా ఉందే అని" అంటూ మిగిలిన చిల్లర చేతిలో పెట్టి, అప్పుడు నా పేరడిగింది.